హడ్సన్‌కి అటు క్లాసు, ఇటు సెలవు

రేపు గట్టిగా మంచు పడుతుందని తెలిస్తే అమెరికాలో బడి పిల్లలు ఆ రాత్రి పైజమా తిరగేసి వేసుకుంటారు. దిండు కింద చెంచా పెట్టుకుంటారు. ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్కలు తెచ్చి టాయిలెట్‌లో ఫ్లష్ చేస్తారు. ఇవన్నీ చేస్తే తెల్లారేసరికి స్కూల్‌కి సెలవు ఖాయమట. వానాకాలంలో కలెక్టర్ గారి సెలవు ఉత్తర్వు కోసం వాట్సాప్ చూస్తూ, వచ్చింది అసలుదా, ఎవడో ఎడిట్ చేసిందా అని తలబద్దలు కొట్టుకున్న మనకి ఈ తాపత్రయం కొత్తేం కాదు.

కాకపోతే ఇక్కడ కలెక్టర్ ఉండరు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోకండి. చాలాచోట్ల ఒక్క ఊరే ఒక డిస్ట్రిక్ట్. న్యూజెర్సీ మొత్తం కలిపి మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దదేమో, అందులో స్కూల్ డిస్ట్రిక్ట్‌లు దాదాపు 600! ఒక్కోదానికి ఒక సూపరింటెండెంట్. మంచు రోజుల్లో ఆయనో ఆవిడో తెల్లవారుజామున నాలుక్కే లేచి పోలీసులతో, రోడ్లు శుభ్రం చేసే వాళ్ళతో, బస్సుల వాళ్ళతో మాట్లాడాలి. కొందరైతే స్వయంగా కారేసుకుని రోడ్లు చూసొస్తారు. ఆ తర్వాత మన ఫోన్‌కి మెసేజ్. మామూలుగా తెరుస్తాం, రెండు గంటలు లేటుగా తెరుస్తాం, అసలు తెరవం. ఈ మూడింట్లో ఒకటి.

2024 ఫిబ్రవరి 13, మంగళవారం. నేను ఎడిసన్ దగ్గర మా అక్క వాళ్ళింట్లో ఉన్నా. చీకటి ఉండగానే మెసేజ్ వచ్చింది, సెలవు. మంచు పడే ఉదయానికి ఒక వింత నిశ్శబ్దం ఉంటుంది. కార్ల మోత ఉండదు, కాకి అరవదు. దూరంగా మంచు తోసే లారీ బ్లేడు రోడ్డు మీద గీరుకునే చప్పుడొక్కటే. బావ పార పట్టుకుని ఇంటి ముందు దారి చేస్తున్నాడు (అది చేయకపోతే చాలా ఊళ్ళల్లో జరిమానా). మేనల్లుడు టిఫిన్ కూడా తినకుండా స్లెడ్ పట్టుకుని వీధి చివరి గట్టు మీదికి ఎక్కేశాడు. మధ్యాహ్నానికి అదంతా బురద రంగు ముద్దయిపోయింది. అయినా వాడి రోజు వాడికి దక్కింది.

అదే మంచు హడ్సన్ నదికి అవతల, న్యూయార్క్‌లోనూ పడింది. సెంట్రల్ పార్క్‌లో మూడంగుళాల పైనే. అక్కడ మాత్రం సెలవు లేదు. అప్పటికి 9 లక్షల మందికి పైగా పిల్లలున్న ఆ నగరం కొవిడ్ తర్వాత స్నో డేకి బదులు ఆన్‌లైన్ క్లాసులే పెడతానంది. ఆ ఉదయం అందరూ ఒకేసారి లాగిన్ అవబోతే గేటు దగ్గరే జామ్ అయింది. చాలామంది పిల్లలూ టీచర్లూ కాసేపు లోపలికే పోలేకపోయారు. ఎంసెట్ ఫలితాల రోజు సైట్ తెరుచుకోక రిఫ్రెష్ కొట్టిన వాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు. సర్వర్ల పని చేసే వాణ్ణి కాబట్టి నాకు అది పెద్ద విషయంగా అనిపించలేదు. వచ్చేసారికి దాన్ని బాగు చేసుకోవచ్చు.

అసలు సంగతి లాగిన్ అయ్యాక మొదలవుతుంది. క్వీన్స్‌లో ఉండే నా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్ కూతురికి ఆరేళ్ళు. మ్యూట్ తీయడానికి, పెట్టడానికి పక్కన ఒకరుండాలి. వాళ్ళావిడ నర్సు, మంచు పడితే ఆసుపత్రి మూయరు కదా. వీడికేమో అదే టైముకి ఆఫీసు కాల్. సాయంత్రం ఫోన్ చేసి, "స్కూల్ నడిపారు రా, కానీ టీచర్ని నేనే" అన్నాడు.

న్యూయార్క్‌ది మొండితనం అనలేం. చట్టప్రకారం ఏడాదికి 180 రోజులు బడి నడవాలి. క్యాలెండర్‌లో ఖాళీ తక్కువ. ఒక్కో సమాజం పండగా చేరుతూ వస్తోంది. 2024 నవంబర్ 1న మన దీపావళి కూడా చేరింది. న్యూజెర్సీకీ 180 రోజుల లెక్కే ఉంది, కానీ మంచుకి ఆన్‌లైన్ క్లాసు పెడితే అక్కడి చట్టం ఆ రోజుని లెక్కలోకి తీసుకోదు. అందుకే డిస్ట్రిక్ట్‌లు ముందే రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకుంటాయి. అవీ అయిపోతే వసంతకాలం సెలవుల్లో కోత, లేదంటే జూన్‌లో పొడిగింపు. మన దగ్గర తుఫాను సెలవుని రెండో శనివారం పెట్టి రాబట్టుకున్నట్టు. పక్కనున్న పెన్సిల్వేనియా మధ్యేమార్గం పట్టింది. ముందే అనుమతి తీసుకున్న స్కూళ్ళు ఏడాదికి ఐదు రోజుల దాకా ఇంటి దగ్గర చదువు చెప్పొచ్చని 2019లోనే చట్టం చేసింది.

2020 అక్టోబర్‌లో, అందరూ స్క్రీన్లకి అతుక్కుపోయి ఉన్నప్పుడే, న్యూజెర్సీలోని మావా అనే చిన్న ఊరి డిస్ట్రిక్ట్ మాత్రం మంచు పడితే పూర్తి సెలవేనని ప్రకటించింది. నా ఓటు వాళ్ళకే. ఒకటి రెండు రోజులకి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి సాధించేది ఏమీ లేదు. వారం రోజులు మూతపడితే అప్పుడు ఆన్‌లైన్ గురించి ఆలోచించొచ్చు. కానీ ఇది ఇంటి నుంచి పని చేసుకోగల వాడి ఓటు. ఓక్ ట్రీ రోడ్డు మీద హోటల్లో గంటల లెక్కన పని చేసే అమ్మకి స్కూల్ సెలవైనా ఆన్‌లైన్ అయినా ఒకటే, ఆ రోజు కూలి పోయినట్టే. మధ్యాహ్న భోజనం బడిలోనే తినే పిల్లలకి అదీ ఉండదు.

ఇక్కడి తెలుగిళ్ళల్లో ఇంకో లెక్క కూడా నడుస్తుంటుంది. వేసవికి ఇండియా టికెట్లు జనవరిలోనే కొనాలి, ఆలస్యమైతే ధర మండిపోతుంది. మంచేమో మార్చి దాకా పడుతుంది. బడి ఆఖరి రోజు పక్కన క్యాలెండర్‌లో 'మారవచ్చు' అని ఉంటుంది. అక్క ఆ తేదీ మీద నాలుగు రోజులు కలిపి టికెట్లు కొంటుంది. బావ రెండు చాలంటాడు.