డర్హమ్‌లో ఒక పగలు

మాకు మే నెల అంటే చలి మొదలయ్యే నెల. డర్బన్‌లో స్వెట్టర్లు పెట్టెలోంచి తీసి ఎండలో వేసి, నేను ఇంగ్లండ్ విమానం ఎక్కాను. అక్కడేమో వసంతం చివర. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. మా అమ్మాయి న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తోంది. మన నటాల్‌లోనూ ఒక న్యూకాసిల్ ఉంది కదా. అక్కడా బొగ్గు గనులే, ఇక్కడా ఒకప్పుడు బొగ్గు గనులే.

"శనివారం డర్హమ్ వెళ్దాం అమ్మా, నీకు పాత రాళ్ళంటే ఇష్టం కదా" అంది. ఇంగ్లీషులోనే అంది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. పదకొండో ఏట గుడిలో ఆదివారం తరగతులు మానేసింది. నేను మానమనలేదు, వెళ్ళమని గట్టిగా చెప్పనూ లేదు. టీచర్ని అయ్యుండి!

న్యూకాసిల్ నుంచి డర్హమ్‌కు రైల్లో పావుగంట. స్టేషను దగ్గర రైలు ఎత్తైన వంతెన మీదుగా వెళ్తుంది. ఊరంతా కింద ఉంటుంది. ఎదురుగా కొండ మీద కోట, పక్కన పెద్ద చర్చి. బిషప్ పీఠం ఉన్న చర్చిని కేథెడ్రల్ అంటారు. వియర్ నది ఆ కొండను మూడు వైపులా చుట్టి పారుతుంది. మేము తిన్నగా కొండెక్కకుండా ముందు నది ఒడ్డున నడిచాం. చెట్ల కింద తెల్లని పూలు పరిచినట్టున్నాయి. గుప్పుమని వెల్లుల్లి వాసన. ఎవరో పచ్చడి నూరుతున్నారనుకున్నాను. అడవి వెల్లుల్లి అట, వసంతంలో పూస్తుందట. ఆకు తుంచి వాసన చూస్తే ఆకలేసింది.

పాత అందమైన కట్టడం ఏది చూసినా నాలో ఒక మూల చిన్న లెక్క మొదలవుతుంది: దీనికి డబ్బు ఎక్కడిది? డర్హమ్‌లో ఆ లెక్క పని చేయలేదు. దీన్ని కట్టడం 1093లో మొదలుపెట్టారు, 1133 నాటికి చాలావరకు అయిపోయింది. మన చెరకు తోటలకు, దీనికి ఏ సంబంధమూ లేదు. కాబట్టి కోపం లేకుండా లోపలికి వెళ్ళాను.

లోపల స్తంభాలు చూడాలి. మనిషి చేతులు చాపితే సగానికి సగం కూడా అందవు. ఒకదాని మీద మెలికల గీతలు, ఇంకొకదాని మీద వజ్రపు గళ్ళు, చీర అంచుల్లా చెక్కారు. నేలలో, పడమటి వైపు, ఒక నల్లరాతి గీత ఉంది. సన్యాసుల కాలంలో ఆడవాళ్ళు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. మా అమ్మాయి గీత మీద ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి నిలబడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మన గుళ్ళలో ఇలాంటి గీతలు రాతిలో కాకపోయినా ఉన్నాయి కదా అనుకున్నాను.

తూర్పు వైపు సెయింట్ కత్‌బర్ట్ సమాధి. ఆయన 687లో పోయారు. ఓడల్లో వచ్చే వైకింగుల భయంతో 875లో సన్యాసులు ఆయన శవపేటికను మోసుకుని లిండిస్ఫార్న్ ద్వీపం విడిచారు. అక్కడా ఇక్కడా ఉండి, 995లో ఈ కొండకు చేరారు. ఇల్లు పోయినా దేవుణ్ణి మోసుకుపోవడం మన పెద్దలకు తెలిసిన పనే. సమాధి మీద ఒక్క రాతి పలక, దాని మీద ఒక్క పేరు. అంతే.

బయట తలుపుకు కంచుతో చేసిన సింహం లాంటి ముఖం, నోట్లో పెద్ద కడియం ఉంటాయి. ఇప్పుడున్నది నకలు. నేరం చేసి పారిపోయి వచ్చినవాడు ఆ కడియం కొడితే లోపల 37 రోజులు శరణు దొరికేది. శరణు అనే మాట మనం భజనలో ప్రతి వారం అంటాం. ఆ మాటకు ఒక కడియం, రోజుల లెక్క ఉండడం నాకు కొత్త. నటాల్ తోటల్లో మన వాళ్ళకు అలాంటి తలుపు ఉండేది కాదు. యజమాని మీద ఫిర్యాదు చేయడానికి వెళ్ళాలన్నా చీటీ కావాలి. చీటీ లేకుండా తోట దాటితే పట్టుకునేవారు.

డర్హమ్ గని కార్మికులదీ ఇంచుమించు ఇదే కథ. 1872 దాకా వాళ్ళు ఏడాదికోసారి ఒప్పందం రాసి ఇచ్చేవారు. మధ్యలో పని మానేస్తే జైలు. మన వాళ్ళు గిర్మిట్ అన్నది అదే కదా. మనది ఐదేళ్ళు, వాళ్ళది ఏడాది. గనుల్లో చనిపోయిన వాళ్ళ కోసం చర్చి లోపల చెక్కతో చేసిన స్మారకం ఉంది. పక్కన వాళ్ళ పేర్ల పుస్తకం, గనిలో వాడే దీపం. అక్కడ కాసేపు నిలబడ్డాను.

కానీ నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది స్కాట్లండ్ వాళ్ళ కథ. 1650 సెప్టెంబరు 3న డన్‌బార్ దగ్గర క్రాంవెల్ సైన్యం స్కాట్లండ్ సైన్యాన్ని ఓడించింది. బందీలను తిండి సరిగా పెట్టకుండా దక్షిణానికి నడిపించారు. దాదాపు 3,000 మందిని ఈ చర్చిలోనే పెట్టి తాళం వేశారు. నేను మెడ ఎత్తి పైకప్పు చూసిన చోటే. ఆ అక్టోబరు చివర న్యూకాసిల్ గవర్నర్ ఆర్థర్ హేసెల్‌రిగ్ పైవాళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. అందులో సుమారు 1,600 మంది చనిపోయారన్న లెక్క ఉంది. పేర్లు లేవు.

2013లో చర్చి పక్కన లైబ్రరీ దగ్గర తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. పళ్ళను, ఎముకలను పరీక్షించి, వీళ్ళు ఆ బందీలేనని విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. చాలామందికి 13 నుంచి 25 ఏళ్ళు. మా బడి పిల్లల వయసు. 2018 మే నెలలో వాళ్ళను మళ్ళీ ఖననం చేశారు.

బతికిన వాళ్ళలో 150 మందిని యూనిటీ అనే ఓడలో అమెరికాకు పంపారు. అక్కడ ఇనుప కార్ఖానాకు, రంపపు మిల్లులకు అమ్మారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పని చేయాలని కట్టుబాటు. తర్వాత కొందరు భూమి కొనుక్కున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ వంశం వాళ్ళు ఇప్పుడు డర్హమ్ వచ్చి ఈ రాళ్ళను చూసి వెళ్తారట.

బయట పచ్చిక మీద బెంచీ దొరికింది. ఫ్లాస్కులో టీ. నా సంచిలో మా ముత్తవ్వ ఓడ జాబితా కాగితం ఉంది, అమ్మాయికి ఇద్దామని డర్బన్ నుంచి తెచ్చాను. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది నటాల్ వచ్చారు. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఒక వరుస. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తు. మనుషులు పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న లెక్క అది. ఆ లెక్క వల్లే మా ముత్తవ్వది విశాఖపట్నం జిల్లా అని, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండేదని నాకు తెలుసు. ఆ దొరలకు దండం పెట్టాలో తిట్టాలో ఇప్పటికీ తేలలేదు.

అమ్మాయి కాగితం చాలాసేపు చూసింది. "ఉంకమా ఏంటి?" అంది.

"గుమాస్తాకు అలా వినబడింది. అంకమ్మ."

"తెలుగులో ఎలా రాస్తారు?" ఈసారి తెలుగులోనే అడిగింది. "రాస్తారు" అన్న మాట దగ్గర కొంచెం తడబడింది.

నా డైరీ, పెన్ను చేతికిచ్చాను. అ రాసింది, సున్నా పెట్టింది, కాసేపు ఆలోచించి క రాసింది. తర్వాత మ ఒక్కటే రాసి ఆగింది. అంకమ.

పక్కన పెళ్ళివారు ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారు. గంటలు మొదలయ్యాయి. పోనీలే అనుకున్నాను. మళ్ళీ, పోనీలే అనే కదా పదకొండో ఏట వదిలేశాను అనిపించింది.

"కింద మ వత్తు పెట్టు తల్లీ" అన్నాను. పెట్టింది. వంకరగా వచ్చింది. ఇంకో మూడు సార్లు రాయించాను.