తుప్పు వదిలించే గాలి

పాత ప్రీమియర్ పద్మిని తలుపు అడుగు అంచును గోరుతో గీకితే పెయింటు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. దాని కింద తుప్పు పొర, ఆ పొర కింద ఆవగింజంత గుంటలు. వైర్‌ బ్రష్‌తో గంటసేపు రుద్దితే రేకు పైకి మెరుస్తుంది గానీ గుంటల అడుగున తుప్పు ఉన్నచోటే ఉంటుంది. దాని మీదే రెడ్ ఆక్సైడ్ కొట్టి రంగు వేస్తే ఒకటి రెండు వానాకాలాలకే మళ్లీ పొంగుతుంది. పాత బండ్లను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు శాండ్‌ బ్లాస్టింగ్ వైపు చూసేది అందుకే. గాలి ఒత్తిడితో దూసుకొచ్చే రవ్వ, బ్రష్ తీగ దూరని చోటికి కూడా దూరుతుంది.

బ్లాస్టర్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఏ గన్ మంచిదని. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఇంట్లోనో షెడ్డులోనో ఉన్న కంప్రెసర్‌ని.

గన్‌కు కావాల్సింది ఒత్తిడి ఒక్కటే కాదు, ఆగకుండా వచ్చే గాలి. మూడు మిల్లీమీటర్ల నాజిల్ 90 పీఎస్ఐ దగ్గర నిమిషానికి 15 నుంచి 20 ఘనపుటడుగుల గాలి తాగుతుంది. పిస్టన్ కంప్రెసర్ ఒక్కో హార్స్‌పవర్‌కు ఇచ్చేది సుమారు నాలుగు ఘనపుటడుగులు. అంటే సింగిల్ ఫేజ్ మీద నడిచే రెండు హార్స్‌పవర్ కంప్రెసర్‌తో టైర్లకు గాలి కొట్టొచ్చు, చిన్న పెయింటు పని చేసుకోవచ్చు. బ్లాస్టింగ్‌కు పెడితే మాత్రం ట్యాంకులో ఉన్న గాలి నిమిషంలోపే అయిపోతుంది, అది మళ్లీ నిండేదాకా గన్ పట్టుకుని నిలబడాలి. ఈ పనికి కనీసం ఐదు హార్స్‌పవర్, దాంతోపాటు త్రీ ఫేజ్ కరెంటు ఉంటేనే సుఖం.

కంప్రెసర్ ప్లేటు మీద ఉండే అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. చాలాచోట్ల పెద్దగా రాసేది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. నిజంగా గొట్టంలోంచి బయటికి వచ్చే గాలి, అంటే ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంతకంటే బాగా తక్కువ. కొనేముందు అడగాల్సింది ఈ రెండో అంకె.

నాజిల్ అరుగుదలదీ ఇదే లెక్క. రవ్వ తుప్పును కోసినట్టే నాజిల్‌నూ కోస్తుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రం అరిగి నాలుగు అయితే దాని వైశాల్యం 78 శాతం పెరుగుతుంది, గాలి ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది. నిన్నటిదాకా సరిపోయిన కంప్రెసర్ ఇవాళ చాలడం లేదంటే లోపం చాలావరకు నాజిల్‌లోనే ఉంటుంది. సిరామిక్ నాజిళ్లు చౌక, త్వరగా అరుగుతాయి. టంగ్‌స్టన్ కార్బైడ్, బోరాన్ కార్బైడ్ నాజిళ్లు ధర ఎక్కువైనా చాలాకాలం నిలుస్తాయి.

గాలి లెక్క తేలాక బ్లాస్టర్ రకం దానంతటదే తేలుతుంది. సైఫన్ గన్ గాలి వేగంతో రవ్వను డబ్బాలోంచి పీల్చుకుంటుంది. చవక, తేలిక, పని నెమ్మది. ప్రెజర్ పాట్‌లో రవ్వ ఉన్న డబ్బాకే ఒత్తిడి పెడతారు, రవ్వ గాలితో కలిసి వేగంగా వస్తుంది. చాసిస్, యాక్సిల్ లాంటి పెద్ద ఇనుముకు ఇదే సరైనది. కాకపోతే ఆ డబ్బా ఒత్తిడితో నిండిన పాత్ర. పాత గ్యాస్ సిలిండర్‌కు పైపులు వెల్డింగ్ చేసి పాట్‌లా వాడడం ప్రాణాంతకం. సేఫ్టీ వాల్వు, చెయ్యి వదలగానే ఆగిపోయే హ్యాండిల్ లేని పాట్ ఎంత తక్కువకు వచ్చినా కొనకూడదు.

మూడోది క్యాబినెట్. అద్దం కిటికీ, రెండు గ్లోవ్స్ ఉన్న పెట్టె. బ్రాకెట్లు, బోల్టులు, డిస్క్ కవర్ల లాంటి చిన్న సామానుకు ఇంతకు మించింది లేదు. దుమ్ము బయటికి రాదు, రవ్వ కింద పడి మళ్లీ పనికొస్తుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ టిల్మన్ శాండ్‌ బ్లాస్టింగ్ పద్ధతికి 1870లో పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు వాడింది ఇసుకే. ఇప్పుడు దాన్ని చచ్చినా వాడకూడదు. ఇసుక రవ్వ ఇనుముకు తగిలి పగిలినప్పుడు పుట్టే సిలికా దుమ్ము కంటికి కనిపించదు. ఊపిరితిత్తుల అట్టడుగు దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు, పైగా క్షయ సోకే ప్రమాదం పెరుగుతుంది. బ్రిటన్ 1949లోనే పోత సామాను బ్లాస్టింగ్‌లో ఇసుకను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. జీన్స్ ప్యాంట్లకు వెలిసిన రంగు తెప్పించడానికి ఇసుక కొట్టిన కుర్ర కార్మికులు జబ్బున పడి చనిపోయాక టర్కీ 2009లో ఆ పనిని ఆపేయించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఇసుక కొట్టే కుర్రాడు ఏ చిన్న షెడ్డులో కనిపించినా ఆ పని ఆపించాలి.

ఇసుకకు బదులుగా వాడదగ్గది మన తీరంలోనే ఉంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లలో ఉండే ఎర్రటి గార్నెట్ గింజలు వాగుల్లో కొట్టుకొచ్చి ఉత్తరాంధ్ర ఒడ్డుకు చేరతాయి. భీమిలి వైపు అల వెనక్కి తగ్గినచోట తడి ఇసుక మీద కనిపించే ముదురెరుపు చారల్లో ఇవీ ఉంటాయి. బ్లాస్టింగ్‌కు మాత్రం కడిగి, జల్లెడ పట్టి, గ్రేడు చేసి బస్తాల్లో అమ్మే గార్నెటే కొనాలి. ఉప్పు అంటిన రవ్వ కొత్త తుప్పుకు విత్తనం. క్యాబినెట్‌లో పదేపదే వాడుకోవడానికి అల్యూమినియం ఆక్సైడ్ ఇంకా గట్టిది. అల్యూమినియం సామానుకు గాజు పూసలు నయం, అవి లోహాన్ని కోయకుండా నునుపు చేస్తాయి. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని 1980లలో బాగుచేసినప్పుడు లోపలి రాగి రేకు మీది తారును వంటసోడా చిమ్మి వదిలించారు. మెత్తటి రవ్వకు పెయింటు, తారు లొంగుతాయి గానీ ముదిరిన తుప్పు లొంగదు.

రేకు పని దగ్గర చెయ్యి ఇంకా తేలికవ్వాలి. మిల్లీమీటరు కూడా మందం లేని బానెట్ మీద 90 పీఎస్ఐతో ఒకేచోట కొడితే రేకు సాగి అలలు తేలుతుంది, ఏ టింకరింగ్ మేస్త్రీ దాన్ని మళ్లీ చదును చేయలేడు. 30, 40 పీఎస్ఐకి దించి, గన్‌ను ఏటవాలుగా పట్టి, కదుపుతూనే ఉండాలి. బేరింగులు, ఇంజన్ ఆయిల్ దారులు ఉన్న భాగాలను బ్లాస్టింగ్‌కు దూరంగా ఉంచడమే మేలు. లోపల ఇరుక్కున్న ఒక్క గింజ చాలు, కొత్త బేరింగును అరగదీయడానికి.

ఏడాదికోసారి ఒక చాసిస్ శుభ్రం చేసుకునేవాళ్లకు పెద్ద కంప్రెసర్ దండగ. విజయవాడ ఆటోనగర్ లాంటిచోట బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ చేసే షెడ్డుకు పెద్ద సామాను ఇచ్చేసి, ఇంట్లో చిన్న క్యాబినెట్ పెట్టుకుంటే చాలు. షెడ్డువాళ్లను మూడు సంగతులు అడగాలి: ఏ రవ్వ వాడతారు, గాలి లైన్లో తేమ పట్టే ఫిల్టర్ ఉందా, బ్లాస్టింగ్ అయిన రోజే ప్రైమర్ కొడతారా. మూడోదానికి రేపు చూద్దామంటే, విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో తెల్లటి ఇనుము తెల్లారేసరికి పసుపు తిరుగుతుంది, బ్లాస్టింగ్ మళ్లీ మొదటినుంచి చేయించాల్సి వస్తుంది.