అబ్బా సి డ్రైవ్

మా ఇంట్లో 'ఫార్మాట్' అనే లఫ్జ్ వినిపిస్తే చాలు, అమ్మీ ఇప్పటికీ వంటింట్లోంచి బయటికొచ్చి చూస్తుంది. దానికి కారణం నేనే.

2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. నీళ్ళు దిగాక అబ్బా ముందు వెతికింది బీరువా కాదు, కితాబుల ట్రంకు. ఉర్దూ టీచర్‌గా పనిచేసిన ఇన్నేళ్ళూ ఆయన రాసుకున్న కాపీలన్నీ అందులోనే ఉండేవి. సియాహీ మొత్తం కరిగిపోయి కాగితాలు నీలం ముద్దలైపోయాయి. రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అన్నారు, ఇక కాగజ్ మీద భరోసా లేదని.

అలా అరవై దాటిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నా పాత లాప్‌టాప్‌లో ఇన్‌పేజ్ వేసిచ్చాను. నస్తలీఖ్ అక్షరాలు తెర మీద వంపులు తిరుగుతూ వస్తుంటే అబ్బా ముఖం చూడాలి! మన మహల్లా గురించి, మస్జిద్ బావి గురించి, పాత నికాహ్‌ల గురించి ఒక్కో బాబ్ రాసుకుంటూ పోయారు. రాసింది ఇషా తర్వాత అమ్మీకి చదివి వినిపించేవారు. అమ్మీకి ఖురాన్ చదవడం వచ్చుగానీ ఉర్దూ అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని వినేది.

2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయింది. కొత్త విండోస్ మోసే తాకత్ ఆ లాప్‌టాప్‌కు లేదు. అదే నెలలో వచ్చిన ఉబుంటు 14.04 వేశాను. ఇన్‌పేజ్ విండోస్ కోసం చేసింది కాబట్టి వైన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా నడిపాను. (పేరు విని అబ్బా 'తౌబా' అన్నారు. పేరే అంతని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.) ఆయన పాత ఫైళ్ళన్నీ వైన్ చూపించే సి డ్రైవ్‌లోకి నేనే చేర్చాను. ఆయనకు అలవాటైన జాగా అదే. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో దాచుకోమని చెప్పినా వినలేదు.

ఉబుంటులో దీర్ఘకాలం సపోర్ట్ ఉండే వెర్షన్ రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. మామూలు సపోర్ట్ అయిదేళ్ళు. 14.04 నుంచి 16.04కి, అక్కణ్ణుంచి 18.04కి అప్‌గ్రేడ్ చేశాను. రెండుసార్లూ గంటల తరబడి సాగింది. మధ్యలో ఆగి, నువ్వు మార్చుకున్న సెట్టింగ్ ఫైల్ ఉంచనా, కొత్తది పెట్టనా అని అడుగుతుంది. అర్థం కాకపోతే ఉన్నది ఉంచమనేవాణ్ణి. బయట నుంచి చేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అడ్రసులను అప్‌గ్రేడ్ ఆపేస్తుంది, వాటిని మళ్ళీ తెరుచుకోవాలి. వైన్ ఒకసారి మొరాయించింది. అయినా అబ్బా ఫైళ్ళకు ఆంచ్ తగల్లేదు.

2021 జనవరిలో అబ్బా ఇంతెకాల్ అయ్యారు. లాప్‌టాప్ అల్మారాలోకి వెళ్ళింది.

2023లో 18.04 గడువు కూడా తీరింది. లాప్‌టాప్ బయటికి తీశాం. ఇంజనీరింగ్ చదివే మా పెద్దమ్మాయి, "ఎందుకబ్బూ పాత చెత్త మోసుకుంటూ తిరగడం? ఫ్రెష్‌గా వేసేద్దాం" అంది. తన మాటలో న్యాయం ఉంది. 18.04 నుంచి సూటిగా 22.04కి అప్‌గ్రేడ్ కావడానికి లేదు. ముందు 20.04కి వెళ్ళి, మళ్ళీ అక్కణ్ణుంచి ఎక్కాలి. రెండు అప్‌గ్రేడ్‌లకు పట్టే వక్త్‌లో నాలుగు ఫ్రెష్ ఇన్‌స్టాల్‌లు చెయ్యొచ్చు. పైగా తొమ్మిదేళ్ళ మరమ్మతులన్నీ లోపల పేరుకుని మెషీన్ ఆయాసపడుతోంది.

అప్‌గ్రేడ్ అంటే మనుషులు లోపల ఉండగానే ఇంటి కప్పు మార్చడం. దుమ్ము రేగుతుంది, తలుపులు సరిగ్గా పడవు, కానీ ఎవరి సామాను వాళ్ళ చోటే ఉంటుంది. ఫ్రెష్ ఇన్‌స్టాల్‌లో సామానంతా బయట పెట్టి, ఇల్లు పడగొట్టి, కొత్తగా కడతాం. పని శుభ్రంగా, జల్దీగా అయిపోతుంది. అటక మీద ఏముందో చూసుకోవడం మాత్రం మన జిమ్మా.

నేను అటక చూడలేదు. హోమ్ ఫోల్డర్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. లైనక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేరున్న ఫోల్డర్ కనబడదు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితేనే బయటపడుతుంది. వైన్ తన సి డ్రైవ్‌ను పెట్టుకునేది అలాంటి చుక్క ఫోల్డర్‌లోనే. డిస్క్ మొత్తం తుడిచి వేసే ఆప్షన్ ఎంచుకుని బిస్మిల్లా అని నొక్కింది కూడా నేనే. అరగంటలో 22.04 తళతళలాడుతూ వచ్చింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అమ్మీ వచ్చి తెర వైపు చూసి అడిగింది: "తుమారె అబ్బా లిఖే సో కాఁ హై రే?"

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. డిస్క్ తీసుకుని ఒక రికవరీ షాపుకు వెళ్ళాను. పేర్లు లేని వేల ఫైళ్ళు ఇచ్చాడు. ఫొటోలు తెరుచుకున్నాయి, అబ్బా రాసినవి దొరకలేదు. హైదరాబాద్‌లో ఉండే ఆపా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంది. 2019 రంజాన్ ఈద్‌కు వెళ్ళినప్పుడు అబ్బా స్వయంగా ఇచ్చారట. అందులో పద్నాలుగు బాబ్‌లున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. మొత్తం పంతొమ్మిది అని అమ్మీ లెక్క చెప్పింది. అంటే అయిదు పోయాయి. వరద నుంచి తప్పించుకుని మళ్ళీ రాసుకున్న అమానత్‌ను నేను ఒక్క బటన్‌తో ముంచాను.

మా అమ్మాయి చాలా ఏడ్చింది. తన తప్పేం లేదు. తను ఇచ్చింది మష్వరా, అటక చూడాల్సింది నేను. ఇప్పుడు హోమ్‌కు వేరే పార్టిషన్ పెట్టింది. ఇకపై ఫ్రెష్‌గా వేసినా, ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లు మనమే ఎంచుకుని, హోమ్ దగ్గర ఫార్మాట్ టిక్ పెట్టకుండా ఉంటే అందులోవి అలాగే ఉంటాయి. అయినా కాపీలు మూడు చోట్ల ఉంచుతోంది. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళు యూనికోడ్ కావు కాబట్టి, ఆ పద్నాలుగింటినీ ఏ మెషీన్‌లోనైనా తెరుచుకునేలా మారుస్తోంది. మారేటప్పుడు కొన్ని హర్ఫ్‌లు తారుమారవుతాయి, నేను కూర్చుని సరిచేస్తున్నాను. అను ఫాంట్లలో కొట్టిన నా పాత వార్తలది కూడా ఇదే హాల్. వాటిని ఎవరు మారుస్తారో!

పోయిన అయిదు బాబ్‌లూ ఇప్పుడు ఇషా తర్వాత అమ్మీ చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. చదివింది ఉర్దూ మీడియమే అయినా, డిగ్రీ నుంచి ఉద్యోగం దాకా తెలుగులోనే గడిచి, నా వేళ్ళు తెలుగు కీబోర్డుకే అలవాటు పడ్డాయి. ఆమె చెప్పే ఉర్దూను తెలుగు లిపిలో కొట్టి, తర్వాత తీరిగ్గా నస్తలీఖ్‌లోకి ఎక్కిస్తున్నాను. మొన్న తాను దుల్హన్‌గా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు దగ్గరికొచ్చాం. రాసింది చదివి వినిపించాను. అమ్మీ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆరోజు వాన పడిందని అబ్బా రాశారట, నిజానికి పడలేదట. "ఆయన్ది ఆయన రాసినట్టే పెట్టు. వాన ఉండనీ" అంది.