గాజుబుడ్డిలో లెక్క

లెక్కను వేళ్లమీద వేస్తాం, కాగితంమీద రాస్తాం, నోటితో ఒప్పజెబుతాం. లెక్క నడిచిపోతూ ఉంటే కంటితో చూడడం మాత్రం అందరికీ దొరకదు. తెనాలిలో మా ఇంటి వెనకగదిలో నాకు దొరికింది.

దాని పేరు డెకట్రాన్. అరచేతిలో ఇమిడే గాజుబుడ్డి. లోపల నియాన్ వాయువు. నడుమ గుండ్రటి బిళ్ల, చుట్టూ ముప్ఫయి సన్నని పుల్లలు. పది అంకెలవి, తక్కిన ఇరవై, అంకెకూ అంకెకూ మధ్య రెండేసి చొప్పున, దారి చూపేవి. ఒక పుల్లమీద నారింజరంగు చుక్క వెలుగుతూ ఉంటుంది. కరెంటు తాకిడి తగిలితే ఆ రెండు మెట్లమీదుగా గెంతి పక్క అంకెమీద వాలుతుంది. తాకిడి లేదా, ఉన్నచోటే ఉండి లెక్క గుర్తు పెట్టుకుంటుంది!

ఇంగ్లండులో హార్వెల్ అణు పరిశోధనా కేంద్రంవారు 1951లో వీటిని 828 పెట్టి ఒక కంప్యూటరు నడిపారు. ఒక గుణకారానికి అయిదు నుంచి పది సెకండ్లు పట్టేదట. మన పిల్లలు అంతలో సగం ఎక్కం ఒప్పజెబుతారు. అయినా అలుపెరగని పనిమంతురాలు; 2012లో మరమ్మతు చేసి మళ్లీ నడిపించారు.

నాకు పోస్టులో వచ్చినవి సోవియట్ కాలపు బుడ్లు, మూడు. ఏళ్ల తరబడి పెట్టెలో పడివున్నవి కావడంచేత ఒకదాంట్లో చుక్క మొదట తడబడింది. రెండు రోజులు ఆపకుండా తిప్పాక కుదుటపడింది.

చిక్కల్లా వోల్టులతోనే. బుడ్డి వెలగాలంటే నాలుగువందల యాభై కావాలి. పదమూడేళ్ల మనవడు నా పక్కనే కూర్చుని వైర్లు అతుకుతానంటాడు.

“మావయ్యగారూ, వాణ్ణి మాత్రం అది ముట్టుకోనివ్వకండి” అంది కోడలు.

ఆవిడ భయం ఉత్త భయం కాదు. ప్లగ్గు పీకేసినా కెపాసిటరులో కరెంటు దాగి ఉంటుంది. మనిషిని పడగొట్టడానికి అది చాలు. అందుకని కెపాసిటరుకు అడ్డంగా ఒక రెసిస్టరు కట్టాం, దాగినదంతా దానిగుండా కారిపోవడానికి. ఆపైన మీటరు. పాతకాలపు రేడియో మెకానిక్కుల పద్ధతిలో వాడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని ముల్లు చూస్తూ పైకి చదివేవాడు: “మూడువందలు... నూటయాభై... నలభై...” సున్నా అనేదాకా ఎవరమూ కదిలేవాళ్లం కాదు. గుమ్మంలో నిలబడి కోడలూ వినేది.

తాకిడికి వేరే యంత్రం ఎందుకు? ఇంటికొచ్చే కరెంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మరుగుండా తీసుకుని ఇచ్చాం. మొదటి బుడ్డిలో చుక్క సెకనుకు అయిదు ప్రదక్షిణలు చేస్తుంది, కంటికి ఆనదు. రెండోదాంట్లో ఒక ప్రదక్షిణకు రెండు సెకండ్లు. మూడోదాంట్లో ఇరవై, మూడు చుట్లయితే నిమిషం.

గోడగడియారంతో సరిచూస్తే ఒకపూట చుక్క కాస్త ముందుంటుంది, ఒకపూట వెనకబడుతుంది. వాడకం మరీ పెరిగితే కరెంటు ఊపు యాభైకి కొంచెం తగ్గుతుంది, వాడకం తగ్గితే పెరుగుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది గ్రిడ్డు దేశంలోని తక్కిన గ్రిడ్డుతో కలిసింది. అంటే మా గదిలో చుక్క వేసే అడుగే ఢిల్లీలోనూ పడుతోందన్నమాట. ఈ సంగతి చెప్పాక మనవడు ఆ మూడోబుడ్డి ముందునుంచి లేవలేదు.

ఇప్పుడు నాలుగోది తెప్పించమంటున్నాడు. దాంట్లో ఒక చుట్టుకు మూడు నిమిషాల ఇరవై సెకండ్లు. తల్లి ఒప్పుకుంది గాని, మీటరు తన చేతిలోనే ఉండాలిట.