దీవిలో నొక రాత్రి

మూట వీపునఁ గట్టుకొని దూరపు దీవులకుఁ బోయి తెల్లవాఱులు ఆటపాటలతోఁ గడుపుట యిప్పటి యువజనులకు వేడుక. విజయవాడవారికిఁ గృష్ణనడుమ భవానీద్వీప ముండనే యున్నది. అది యింటి పెరడువంటిదని మా పడుచుమిత్రులు మమ్ముఁగూడ నాగాయలంక మీఁదుగా దివిసీమ కొనకుఁ దీసికొనిపోయిరి. ఏటిమొగయొద్ద పంటెక్కి యెదురుమొండి చేరితిమి.

రాత్రి యిసుకలో మంట వేసిరి, పాటలు మ్రోగినవి, సీసాలును వెలువడినవి. మద్యపానమును గర్హించుచుఁ బలుమాఱు వ్రాసినవారమే యయ్యు మే మా రాత్రి నోరు మెదపలేదు. ముసలివారని నవ్వుదురేమో యను భయము!

ఇంతలోఁ బల్లెకారుల వృద్ధురా లొకతె నీళ్లబిందెతో వచ్చి, "గాలి మళ్లింది బాబూ, ఇక్కడ పడుకోబాకండి. మా అరుగు మీదకు రండి" అనెను.

"గాలికే యింత భయమా?" యని మాలో నొకఁడు నవ్వెను.

"గాలికి కాదు బాబూ, నీళ్లకు."

1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో వేలమందిని బలిగొన్నది గాలికంటె నెక్కువగా సముద్రపుటుప్పెనయే. మాకది చదువుకొన్న సంగతి. పాట యాగిపోయెను.

ఉదయమున రూక లీయఁబోఁగా నామె పుచ్చుకొనలేదు. సీసాలు మాత్రము తీసికొనిపొమ్మనెను. పిల్లలక్కడ వట్టికాళ్లతోఁ దిరుగుదురఁట.