ఆ చప్పుడు ఎప్పుడొస్తుంది బాబూ?

విజయవాడలో చెవులకు క్షణం తీరిక దొరకని చోటు జవహర్ ఆటోనగర్. బందరు రోడ్డు మీద పటమట దాటగానే మొదలవుతుంది. లారీ బాడీలు కట్టేవాళ్ళ సుత్తి దెబ్బలు, లేత్ మిషన్ల గీరుడు, వెల్డింగు చిటపటలు, పాత ఇంజన్లు విప్పి సామాను అమ్మేవాళ్ళ బేరాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఇదొకటని బెజవాడ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఇంత గోలలో కూర్చుని, కార్లలో వచ్చే వింత చప్పుళ్ళను చెవితో పట్టుకునే మేస్త్రి ఒకాయన ఉన్నాడని విని చూడబోయాను. పని కూడా ఉంది. మా బావమరిది కొన్న పాత డీజిల్ కారు నెల తిరక్కుండానే మూడు రకాలుగా మూలగడం మొదలుపెట్టింది.

బండి రాత్రికే షెడ్డులో వదిలి తెల్లారకముందే రమ్మన్నాడు మేస్త్రి. "గోల మొదలవకముందు అయితే నాకు వినపడుద్ది సార్. ఇంజను కూడా పూర్తిగా చల్లబడి ఉంటది. మీరు నడిపించుకొచ్చిన బండిలో సగం చప్పుళ్ళు దారిలోనే పోతాయి" అన్నాడు.

మేము వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. వెళ్ళగానే బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. మా బావమరిది ఉత్సాహంగా చప్పుళ్ళన్నీ నోటితో చేసి వినిపించాడు. మేస్త్రి ఓపిగ్గా విని, "ఎలా ఉందో తర్వాత చూద్దాం. ఎప్పుడొస్తుందో చెప్పండి బాబూ" అన్నాడు.

ఆ తర్వాత కురిసినవన్నీ ప్రశ్నలే. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే వస్తుందా, వేడెక్కాక వస్తుందా? బండి నిలబెట్టి రేస్ చేసినా వస్తుందా, కదిలితేనే వస్తుందా? బ్రేకు తొక్కితే పెరుగుతుందా, ఆగుతుందా? క్లచ్ తొక్కితే? స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే? నున్నటి రోడ్డు మీద ఉందా, గతుకుల్లోనేనా? ఏసీ వేసి విన్నారా, ఆపి విన్నారా? సగం ప్రశ్నలకు మా వాడి దగ్గర జవాబు లేదు. చాలామంది దగ్గర ఉండదట.

ఈ ప్రశ్నల వెనకున్న లెక్క తేలికే. ఇంజన్లో పుట్టే చప్పుడు ఇంజను వేగాన్ని బట్టి మారుతుంది. చక్రాల దగ్గర పుట్టేది బండి వేగాన్ని బట్టి మారుతుంది. సస్పెన్షన్‌ది గతుకు తగిలితేనే పలుకుతుంది. క్లచ్ పెడల్ తొక్కినప్పుడే గరగరమంటే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు వస్తూ, పెడల్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు లోపలి బేరింగ్ వైపు చూడాలి. చప్పుడు పేరు కంటే, దేన్ని వెంబడించి వస్తోందన్నది తెలియడం ముఖ్యం. ఒక్క బోల్టు విప్పకుండా సగం బండిని పక్కన పెట్టేయవచ్చు. కంప్యూటర్ పెట్టి చూసే షెడ్లలో ఈ సంభాషణ జరగడం నేను చూడలేదు. ఆ స్కానర్ సెన్సర్లు చెప్పింది చదువుతుంది, మంచిదే. కానీ అరిగిపోతున్న చక్రం బేరింగ్‌కు సెన్సర్ కోడు ఏముంటుంది?

చీకట్లోనే సెల్ఫ్ కొట్టించాడు. మొదటి క్షణంలో గొలుసు లాగినట్టు గరగరమని, వెంటనే సర్దుకుంది. మాకు సరిగా వినపడనే లేదు. ఆయన వేలెత్తాడు. "టైమింగ్ చైన్. ఈ ఇంజన్లకి మామూలే, ఇంకా ముదరలేదు."

ఆయన అన్న ఇంజను ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ల మల్టీజెట్. 1248 సీసీ. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో వంటి బళ్ళ డీజిల్ మోడళ్ళకు ఇదే గుండెకాయ. మారుతి దీన్ని ఫియట్ లైసెన్సు మీద మన దేశంలోనే తయారుచేసింది. 2020లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది గానీ, పాత కార్ల బజారులో ఈ ఇంజన్లు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఇందులో టైమింగ్‌కు బెల్టు బదులు చైన్ ఉంటుంది. ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా నిలబడితే అందులోని ఆయిలు కిందికి జారుతుంది. పొద్దున్న మళ్ళీ ఒత్తిడి వచ్చేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. రెప్పపాటులో ఆగితే ఫరవాలేదు. చప్పుడు ఆగకుండా కొనసాగిందంటే మాత్రం చైన్ సాగిందనో, టెన్షనర్ అరిగిందనో అర్థం. పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే విప్పాల్సి వస్తుంది. సమయానికి ఆయిలు మార్చకపోవడమే దీనికి పెద్ద కారణమని ఆయన తీర్పు. మా బండికి ఆయిలు, ఫిల్టరు మార్చి కొన్నాళ్ళు వింటూ ఉండమన్నాడు.

తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఆల్టర్నేటర్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే ఒక్కో చోటా ఆగి ఆగి విన్నాడు. నన్నూ వినమన్నాడు. ఒక చోట మెత్తటి గుయ్‌మనే మోత, జానెడు పక్కన జరిపితే ఇసుక నలిగినట్టు గరగర. బయటికి ఒక్కటిగా వినపడే చప్పుడు ఇనుము గుండా వింటే ఎక్కడిదక్కడ విడిపోతుంది. అయితే తిరిగే ఫ్యాను, బెల్టు దగ్గర తల పెట్టే పని ఇది. కండువా, వదులు చొక్కా చేతులు ఉన్నవాళ్ళను ఆయన బానెట్ దరిదాపులకు రానివ్వడు. ఇళ్ళ దగ్గర ఎవరూ ప్రయత్నించవద్దని నా మాటగా కూడా చెబుతున్నాను.

తెల్లారాక ఎనికేపాడు వైపు హైవే ఎక్కాం. వేగం అరవై దాటగానే మా వాడు చెప్పిన రెండో చప్పుడు మొదలైంది, కింద ఎక్కడో విమానం మోతలా. టైరుదై ఉంటుందని నేనన్నాను. "తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కితే టైరు మోత మారుద్ది. ఇది మారలేదు చూడండి" అన్నాడు. ఖాళీ రోడ్డు చూసి న్యూట్రల్‌లోకి వేశాడు, ఇంజను ఆపకుండానే. ఇంజను వేగం పడిపోయినా మోత అలాగే ఉంది. అంటే ఇంజన్‌ది కాదు. స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు ఊపాడు, మోత పెరిగింది. కుడికి ఊపితే తగ్గింది. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి కుడివైపు బేరింగ్ పోతోందన్నమాట. షెడ్డుకొచ్చి జాకీ ఎత్తి, ముందు కుడి చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేతిని కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టమన్నాడు. చెవికి ఏమీ వినపడలేదు గానీ అరచేతికి సన్నటి వణుకు తెలిసింది. ఎడమ చక్రం దగ్గర అది లేదు.

మూడోది స్పీడ్ బ్రేకర్ల మీద టక్కుమనే చప్పుడు. వేరే చోట దీనికి షాకబ్జార్బర్లతో సహా మొత్తం సస్పెన్షన్ మార్చాలని మా వాడికి చెప్పి పంపారు. ఇక్కడ కుర్రాడు కిందికి దూరి లింక్ రాడ్లు పట్టుకుని ఊపాడు, టకటకమన్నాయి. అంతే. కొత్త జత వేస్తే పోయింది. మేస్త్రి పెట్టుకున్న నియమం ఒకటి నాకు నచ్చింది. ఏ చప్పుడుకైనా డిక్కీలో వదులుగా పడున్న జాకీ, పానాల దగ్గర, నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి చవకైనవి ముందు చూస్తాడు. సైలెన్సర్ మీది రేకు ఒకానొక వేగంలో గలగలమంటే నెల రోజులు ఆగినా నష్టం లేదంటాడు. చక్రం బేరింగ్, బాల్ జాయింట్ అయితే వాయిదా వద్దంటాడు. బ్రేకు దగ్గర ఇనుము ఇనుముకు రాసుకుంటుంటే బండిని ఇంటికి కూడా పంపడు.

మేం అక్కడుండగానే ఎవరో ఒక డీజిల్ బండి తెచ్చారు. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంది. వేడెక్కాక రేస్ చేస్తే లోపలి నుంచి ధబ్‌ధబ్‌మని లోతైన దెబ్బలు. మేస్త్రి ముఖం మారింది. ఒక్కో ఇంజెక్టర్ కరెంటు కనెక్టర్ లాగి చూశాడు, మూడోది లాగగానే దెబ్బ మెత్తబడింది. ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయిందన్నమాట. పాతకాలం డీజిళ్ళలో ఇదే పరీక్షకు పైపు నట్టు వదులు చేసేవారు. ఇప్పటి కామన్ రెయిల్ బళ్ళలో ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, నట్టు ముడితే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. దించిన ఆయిలు పాకంలా ఉంది. చిక్కటి ఆయిలు పోసి అమ్మేశారని ఆయన అనుమానం. చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కదనం అరిగిన బేరింగ్‌ను కప్పేస్తుంది, వేడికి పలచబడితే అసలు సంగతి బయటపడుతుంది.

అప్పుడు నాకు అమ్మేవాళ్ళ తెలివి పూర్తిగా అర్థమైంది. చైన్ చప్పుడు చల్లని ఇంజన్లో పట్టుబడుతుంది, రాడ్ దెబ్బ బాగా వేడెక్కాక. బేరానికి వెళ్ళేసరికి బండి గోరువెచ్చగా ఉంటే రెండూ దాక్కుంటాయి. కాబట్టి పాత కారు కొనబోయేవాళ్ళు నేనొచ్చేదాకా బండి తియ్యొద్దని ముందే చెప్పి, పొద్దున్నే వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో రోజు వస్తానని తిరిగి వచ్చేయండి. చల్లగా ఉంటే మీరే సెల్ఫ్ కొట్టి, అద్దాలు దించి, ఏసీ, పాట ఆపి, కనీసం అరగంట నడిపి, మళ్ళీ నిలబెట్టి రేస్ చేసి వినండి. దానికి ఒప్పుకోని మనిషి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.