అతుకు పక్కన తెగితే

వెల్డింగ్ చేసిన ఉక్కు పలకను అతుకు నడిమికి వచ్చేలా పట్టీగా కోసి, మెషీన్ దవడల్లో బిగించి లాగుతారు. ముందు కాస్త సాగుతుంది, ఒకచోట నడుము సన్నబడుతుంది, ఆ తర్వాతే ఫట్‌మని తెగుతుంది. ఆ తెగడం అతుకు పక్కన, అసలు పలకలో అయితే నాకు ప్రాణం లేచొస్తుంది. పొగలో, సెగలో కూర్చుని ఎవరో వేసిన అతుకు నిలిచింది! తెగిన ముఖం మీద బుడగల గుంటలో, చిక్కుకున్న స్లాగో కనిపిస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అయినా ఈ ఒక్క పరీక్షతో సరిపెట్టుకోలేం. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిలకడ నీటిలో ఉన్న వెల్డింగ్‌తో కట్టిన షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ దాదాపు రెండుగా చీలిపోయింది. మెల్లగా లాగితే సాగే ఉక్కే చలికి పెళుసుబారవచ్చు. అందుకే చల్లబరిచిన ముక్కను లోలకం దెబ్బతో విరిచి చూడటమూ కావాలి. ఖర్చని దాన్ని ఎగ్గొట్టడం నాకు మింగుడుపడదు.